నలభయ్యో సెకను

మా షాపు బోర్డు మీద మూడు వరుసలుండేవి. పై రెండూ ఎండకి వెలిసిపోయాయి. మూడోది మాత్రం, పెయింటర్ దానికి ఏ డబ్బాలో రంగు వాడాడో గానీ, ఇప్పటికీ ఎర్రగా కనిపిస్తుంది. "ఇచ్చట పాటలు ఎక్కించబడును." దాని కింద కూర్చుని నేనిప్పుడు ఫోన్లకి గ్లాసులు అతికిస్తున్నాను. చార్జర్లు, కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముతున్నాను. ఆ బోర్డు తీయించమని మా ఆవిడ ఏటా చెబుతుంది. ఏటా అలాగే అంటాను. తీయించడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

రామచంద్రపురం మెయిన్ రోడ్డు మీద ఈ షాపు పెట్టేనాటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు. అప్పుడంతా క్యాసెట్లు. కొత్త సినిమా పాటలు వచ్చిన రోజు షాపు ముందు సైకిలు పెట్టడానికి చోటుండేది కాదు. అయితే నాకు ఇష్టమైన పని ఆ అమ్మకం కాదు. జనం నోటుపుస్తకం చింపిన కాగితం మీద తమకు కావలసిన పాటలు రాసుకొచ్చేవారు. ఖాళీ క్యాసెట్‌లోకి ఆ వరుసలోనే ఎక్కించి ఇవ్వాలి. ఒక్కో వైపు అరగంట. చివరి పాట సగంలో ఉండగా టేపు అయిపోయిందంటే మర్నాడు పొద్దున్నే నాకు చీవాట్లు తప్పవు. అందుకని వాచీ ముందు పెట్టుకుని, చివర్లో ఇమిడే పొట్టి పాట ఏదో చూసుకునేవాణ్ణి. ఆ కాగితాలు చదివితే మనుషులు తెలిసిపోయేవారు. ద్రాక్షారామం నుంచి ఒక లెక్కల మాస్టారు ప్రతి శనివారం సాయంత్రం వచ్చేవారు. పన్నెండు పాటలు రాసుకొచ్చేవారు. పదకొండు మారేవి, ఒక్కటి మాత్రం ప్రతి కాగితంలోనూ ఉండేది. "ఇది మీ దగ్గర ఇదివరకే ఉంది కదండీ" అంటే, "అది లేకుండా క్యాసెట్టేంటండీ" అనేవారు.

తరవాత సీడీలొచ్చాయి. ఆ తరవాత గోరంత మెమరీ కార్డులొచ్చాయి. డౌన్‌లోడ్ అన్న మాట అప్పటికి మా వైపు ఎవరూ అనేవారు కాదు. నెట్‌లోంచి నేను దించుకునేవాణ్ణి, వాళ్ళ ఫోన్లలోకి ఎక్కించేవాణ్ణి. లారీకి ధాన్యం బస్తాలు ఎక్కించినట్టే అనుకోండి. సినిమా పాటలు బయటికొచ్చిన గంటలోనే ఎక్కడెక్కడి సైట్లలోనో దొరికేవి. కాగితాలు రాసుకొచ్చే వాళ్ళు తగ్గిపోయారు. కౌంటరు మీద ఫోను పెట్టి "ఓ నాలుగు జీబీ వేసెయ్యండి" అనేవారు. ఏం పాటలు కావాలండీ అంటే, "ఏవో ఒకటి లెండి, కార్డు నిండాలి" అనేవారు. లెక్కల మాస్టారు కూడా ఒక శనివారం కాగితం లేకుండా వచ్చి కార్డు నింపించుకుని వెళ్ళారు. చాలా నెలల తరవాత కనపడితే, పాటలు ఎలా ఉన్నాయండీ అని అడిగాను. "అన్నీ ఉన్నాయండి. ఏదీ వినట్లేదు" అన్నారు. అదేదో తన తప్పయినట్టు సిగ్గుపడ్డారు కూడా.

మరి అది దొంగతనం అనిపించలేదా అని మీరడగొచ్చు. మొదటి వారం అనిపించింది. రెండో వారం నుంచి పని ఎక్కువై అనిపించడం మానేసింది. రాజమండ్రి నుంచి ఒక క్యాసెట్ కంపెనీ ఏజెంటు వచ్చేవారు. అమ్మకాలు పడిపోతుంటే ఆయనే పోలీసుల్ని వెంటబెట్టుకుని షాపుల మీదికి రావడం మొదలుపెట్టారు. వస్తున్నారని కబురు తెలిస్తే కంప్యూటర్ డబ్బా పీకి పక్క టీకొట్టులో పాలక్యాన్ల వెనక దాచేవాణ్ణి. కొన్నాళ్ళకి కంపెనీ మా వైపు క్యాసెట్లే మానేసింది, ఆయన్నీ మానిపించింది. ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కరే వచ్చి జేబులోంచి ఫోను తీశారు. "మా అమ్మాయిదండి. ఏవన్నా కొన్ని పాటలు ఎక్కిస్తారా?" అన్నారు. ఎక్కించి ఇచ్చాను. ఇద్దరం నవ్వుకోవలసిన సంగతే గానీ, ఆ పూట ఇద్దరికీ నవ్వు రాలేదు.

మా ఊరి ఆర్కెస్ట్రా గతీ అంతే. వినాయక చవితి పందిళ్ళలో తొమ్మిదిమంది స్టేజీ ఎక్కి వాయించేవారు. మొదట తబలా ఆయన్ని తీసేశారు, తరవాత గిటారు, ఆ తరవాత కీబోర్డు. చివరికి పాడే ఆయన ఒక్కడూ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చేవాడు. అందులోకి మ్యూజిక్ ట్రాకులు ఎక్కించింది కూడా నేనే. ఇవన్నీ చెబుతున్నాను గానీ వీటి గురించి నాకు నిద్ర పట్టని రోజంటూ లేదు. నేను ఎక్కించకపోతే పక్క షాపువాడు ఎక్కించేవాడు. మనసులో ముల్లులా ఉండిపోయింది మాత్రం ఒక్కటే, సన్నాయి మాస్టారి సంగతి.

ఆయనది కోటిపల్లి దారిలో ఒక ఊరు. తాతల నాటినుంచీ వాళ్ళింట్లో వాయిద్యమే. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా మీద మడత తువ్వాలుతో ఉండేవారు. మా చెల్లెలి పెళ్ళికి వాయించింది ఆయనే. వాళ్ళ బావమరిది డోలు. మెమరీ కార్డులు జోరుగా నడిచే రోజుల్లో ఒక మధ్యాహ్నం గుడ్డ సంచీతో షాపుకొచ్చారు. సంచీలో సీడీలున్నాయి. రాజమండ్రిలో ఒక స్టూడియోకి వెళ్ళి, బావమరిదితో కలిసి పెళ్ళి మేళం మొత్తం రికార్డు చేయించారట. ఎదురుకోలు దగ్గరనుంచి అప్పగింతల దాకా, మధ్యలో గట్టిమేళంతో సహా వరసగా తొమ్మిది ట్రాకులు. పైన ఆయన ఫోటో, ఫోను నంబరు.

"ఓ పది సీడీలు మీ దగ్గరుంచండి బాబూ. అమ్మితే అమ్మండి, లేకపోతే ఊరికే ఇచ్చెయ్యండి. ఇంటేనే కదండీ మనల్ని పిలుత్తారు" అన్నారు.

అక్కడికక్కడే పెట్టి వినిపించమన్నారు. పెట్టాను. ముందు సన్నాయి రాలేదు, ఆయన మాట వచ్చింది. కాస్త వణుకుతూ, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, తన గురువుగారి పేరు, ఆయన ఊరు, ఆ తరవాత తన పేరు, బావమరిది పేరు చెప్పి, "పెద్దలందరికీ నమస్కారం" అన్నారు. అప్పుడు మొదలైంది సన్నాయి.

"మాట్టాడ్డం మనకి అలవాటు లేదు కదండీ, నాలుగుసార్లు చెప్పించేరు" అన్నారు సిగ్గుపడుతూ. తరవాత గొంతు తగ్గించి చెప్పారు. "మా గురువుగారిది ఒక్క రికార్డూ లేదండి. ఫోటో కూడా లేదు. ఇందులో తప్ప ఇంకెక్కడా ఉండదండీ ఆయన పేరు."

ఆ మాట నేను విన్నాను. బాగా వినబడింది. ఇది ఇక్కడ రాయకపోతే తరవాత చెప్పేదానికి అర్థం లేదు.

ఆయన అటు వెళ్ళగానే సీడీ కంప్యూటర్లో పెట్టి తొమ్మిది ట్రాకులూ దించేశాను. పెళ్ళిళ్ళ సీజను. "మేళం ఉందాండీ" అని అడిగిన ప్రతివాడికీ ఎక్కించాను. ఒక పురోహితుడుగారు రెండోసారి వచ్చి, "మొదటిది నొక్కితే ఉపన్యాసం వస్తోందండీ, పెళ్ళివారు నా మొహం చూస్తున్నారు" అన్నారు. కంప్యూటర్లో ఆ మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో చూసి, అంతమేరా కోసేశాను. అర నిమిషం పని. తరవాత ఫైళ్ళ పేర్లు మార్చి పెళ్ళి మేళం ఒకటి, రెండు, మూడు అని పెట్టాను.

ఆ రోజుల్లో మా షాపులవాళ్ళందరికీ ఒక అలవాటుండేది. మేము దించిన పాటల్ని కస్టమరు ఫోనులోంచి పక్క షాపువాడు కొట్టేసేవాడు. అందుకని ప్రతి పాటలోనూ సొంత గొంతుతో షాపు పేరు ఇరికించేవాళ్ళం. దొంగసొత్తుకి కాపలా పెట్టుకోవడం అన్నమాట. బాత్‌రూములో అయితే గొంతు గంభీరంగా వస్తుందని ఎవరో చెబితే, తలుపేసుకుని నేనూ రికార్డు చేశాను. "ఈ పాటలు ఎక్కించినవారు" అని మొదలుపెట్టి, షాపు పేరు చెప్పి, "మెయిన్ రోడ్డు, రామచంద్రపురం" అని ముగించాను. పాట మొదట్లో పెడితే సులువుగా కోసేస్తారు. అందుకని నలభయ్యో సెకను దగ్గర పడేలా పెట్టాను. ఒక్కొక్క పాటకీ కూర్చుని పెట్టే ఓపిక ఎవరికుంది? సాఫ్ట్‌వేర్‌కి ఒక్కసారి చెబితే వెయ్యి పాటల్లోనూ అదే పెట్టేస్తుంది. ఆ వెయ్యింటిలో మాస్టారి తొమ్మిదీ కలిసిపోయాయి. మామూలు కాపీ ఒకటి విడిగా ఉంచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆ మేళం ఎలా పాకిందో నేను చూస్తూనే ఉన్నాను. మండపేట, రావులపాలెం, అమలాపురం. యానాం నుంచి వచ్చిన ఒకాయన నేను మాట్లాడుతుంటే ఆగి, "మీ గొంతు మా మేనల్లుడి పెళ్ళిలో విన్నానండీ" అన్నాడు. ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద లేవు. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.

మాస్టార్ని ఎవరూ పిలవడం లేదన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట చిన్న పెళ్ళిళ్ళు పోయాయి, తరవాత ఉపనయనాలూ గృహప్రవేశాలూ పోయాయి. భోజనాలవాళ్ళే స్పీకరు పెట్టె తెచ్చేవారు. పురోహితుల ఫోన్లలో మేళం ఉండనే ఉండేది. ఆ మేళం ఎవరిదయ్యా అంటే ఆయనదే. ఆయన పెళ్ళిళ్ళని ఆయన వాయింపే లాగేసుకుంది. డోలు వాయించే బావమరిది పోలవరం డ్యామ్ పనుల్లో వాచ్‌మన్‌గా చేరాడు. మాస్టారి కొడుకు ఊళ్ళో సెలూను పెట్టుకున్నాడు. పళ్ళు ఊడటం మొదలయ్యాక ఆయనకి సన్నాయి పట్టు కూడా తప్పిందని ఎవరో అన్నారు.

అలాంటి రోజుల్లో ఒకసారి వచ్చారు. బటన్ ఫోను కౌంటరు మీద పెట్టి, "నా మేళం నాకెక్కించండి బాబూ. ఇంట్లో సీడీ గీతలు పడిపోయింది" అన్నారు. ఎక్కించాను, డబ్బు తీసుకోలేదు. ఏదో మేలు చేసినట్టే అనిపించింది. మర్నాడు మళ్ళీ వచ్చారు.

"మొదట్లో నేను చెప్పిన మాటలు రావట్లేదండి."

"సీడీలోనే పాడై ఉంటుందండీ" అనేశాను.

ఆయన నా మొహం వైపు ఒక్క క్షణం చూశారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి, "నేనిచ్చిన పదింటిలో ఒకటన్నా మిగిలుందాండీ?" అని అడిగారు. "చూస్తానండీ" అన్నాను. చూడలేదు. చూస్తే దొరుకుతుందేమోనని భయం. దొరికితే అబద్ధం బయటపడుతుంది. తరవాత చాలా ఏళ్ళు ఆయన మళ్ళీ అడగలేదు.

తరవాత నెట్ చౌకైపోయింది. ఫోను ఉన్న ప్రతివాడి చేతిలోనూ ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయి. ఎక్కించుకోవడం కూడా అక్కర్లేదు, నొక్కితే మోగుతుంది. ఒక వేసవిలో నెలంతా నా కంప్యూటర్ ముందు ఎవరూ నిలబడలేదు. ఆర్కెస్ట్రాలో పాడే ఆయన ఆ దారిన వెళుతూ ఆగి, "ఇప్పుడు మీ వంతు వచ్చిందా" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. నాకు కోపం రావలసింది, రాలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

మొన్న మాఘంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి మండపేటలో ఒక ఫంక్షన్ హాల్లో చేశారు. పగటి ముహూర్తం. మేళం సంగతి వచ్చినప్పుడు మా బావ, "అన్నీ ఈవెంట్ వాళ్ళు చూసుకుంటారు. మేళం పంతులుగారి దగ్గరే ఉంది" అన్నాడు. మాస్టార్ని పిలుద్దామని నా నాలుక చివరిదాకా వచ్చింది. పిలవాలంటే ఆయన ఇంటికి వెళ్ళాలి, వెళితే ఆయన మొహం చూడాలి. ఊరుకున్నాను. మా చెల్లెలు మాత్రం, తన పెళ్ళికి వాయించిన మనిషని, శుభలేఖ పంపించింది. ఆయన వచ్చారు. చేతిలో సన్నాయి లేకుండా ఆయన్ని పెళ్ళిలో చూడటం నాకదే మొదలు. మూడో వరసలో, కుర్చీ అంచున కూర్చున్నారు.

గట్టిమేళం ఎందుకో మన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. తాళి కట్టే సమయంలో తుమ్ముగానీ, ఏడుపుగానీ, ఎవరి నోటినుంచైనా అపశకునపు మాటగానీ వినబడకూడదని హోరుమని వాయిస్తారు. మాస్టారు గట్టిమేళం వాయించేటప్పుడు పెళ్ళికొడుకు వేళ్ళ మీదనుంచి చూపు తిప్పేవారు కాదు. మూడో ముడి బిగిసేదాకా వాయించి, బిగియగానే ఆపేవారు. కొందరికి పది సెకన్లు పడుతుంది, కొందరికి నిమిషం. ఆయన ఎంతసేపైనా లాగగలరు. ఫోనుకి అది తెలియదు.

పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటూ రెండో చేత్తో ఫోను నొక్కారు. స్పీకర్లలోంచి సన్నాయి, డోలు ఒక్కసారి లేచాయి. ఎన్నేళ్ళ తరవాతో విన్నాను. నిజంగా గొప్పగా ఉంది. పెళ్ళికొడుకు కంగారు మనిషి. మొదటి ముడి వేశాడు. రెండో ముడి జారింది, మళ్ళీ వేశాడు. పెళ్ళికూతురి జడలో పూలు అడ్డం వచ్చాయి, ఎవరో జడ ఎత్తి పట్టుకున్నారు. మూడో ముడికి దారం అందుకుంటున్నాడు. అప్పుడు వచ్చింది నలభయ్యో సెకను.

"ఈ పాటలు ఎక్కించినవారు" అని హాలంతా దద్దరిల్లేలా నా గొంతు. షాపు పేరు, మెయిన్ రోడ్డు, రామచంద్రపురం.

బయటి పెళ్ళిళ్ళలో అయితే అక్షింతలు వేసే హడావిడిలో ఎవరూ పట్టించుకోరేమో. ఇక్కడున్నవాళ్ళంతా నా చుట్టాలు, అందరికీ నా గొంతు తెలుసు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వరసలకి వరసలు నవ్వడం మొదలుపెట్టాయి. పెళ్ళికొడుకు చేతులు ఆగిపోయాయి. పంతులుగారు కంగారుపడి ఫోను మీద ఎక్కడో నొక్కితే మేళం పూర్తిగా ఆగిపోయింది. మూడో ముడి పడలేదు. మేళం లేదు. వినబడుతున్నదల్లా నవ్వే. అది కూడా నా మూలాన. మా చెల్లెలి మొహం చూశాను. నెత్తురుచుక్క లేదు. నా వైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

మాస్టారు ఎప్పుడు లేచారో నేను చూడలేదు. చూసేసరికి మండపం మీద ఉన్నారు. అక్షింతలు అయిపోయిన ఇత్తడి పళ్ళెం ఒకటి తిరగేసి చంకలో పెట్టుకున్నారు. పక్కనున్న గరిటె అందుకుని మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఆయన ముందు డోలే నేర్చుకున్నారట, నాకా సంగతి తరవాత తెలిసింది. పళ్ళెం మీద అది డోలు మోత కాదు, గణగణమని మోగింది. కానీ నడక మాత్రం గట్టిమేళం నడకే. నవ్వులు అణగిపోయాయి. ఆడవాళ్ళు ఎవరో అక్షింతలు వెయ్యడం మొదలుపెట్టారు. ఆయన చూపు పెళ్ళికొడుకు వేళ్ళ మీదే ఉంది. దారం ఒకసారి జారింది, ఆయన లాగారు. ఇంకోసారి జారింది, ఇంకా లాగారు. మూడో ముడి బిగిసింది. ఆపేశారు. పళ్ళెం జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, మెట్లు దిగి వచ్చి మళ్ళీ మూడో వరసలో కూర్చున్నారు.

భోజనాల దగ్గర వెతుక్కుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. విస్తరిలో పులిహోర వేశారు.

"ఆ మొదటి మాటలు సీడీలో పాడవలేదండీ. నేనే కోసేశాను."

"తెలుసండి" అన్నారు ఆయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"ఎలా తెలుసండీ?"

"సీడీ గీత పడితే అక్కడక్కడ ఎక్కిళ్ళెట్టినట్టు వత్తాదండి. అంత నున్నగా ఊడదు."

"మరి అప్పుడే అడగలేదేంటండీ?"

"అడిగితే మీరేం చెబుతారండీ? ఇబ్బంది పడిపోతారు కదా" అన్నారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే నాకు భరించడం కష్టమైంది. ఆయనే మళ్ళీ, "ఒక్క సీడీ అన్నా మీ ఇంట్లో ఉందేమో చూడండి బాబూ" అన్నారు. ఇన్నేళ్ళకి రెండోసారి అడిగారు.

మర్నాడు ఇల్లంతా వెతికాను. అటక దించాను, పాత అట్టపెట్టెలు విప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "సీడీలా? పెరట్లో ఉన్నాయి కదా" అంది. మా పెరట్లో జామచెట్టుంది. రామచిలకలు కాయ నిలవనివ్వవు. వాటిని బెదరగొట్టడానికి పనికిరాని సీడీలకి దారాలు కట్టి కొమ్మలకి వేలాడదీసింది. ఎన్నేళ్ళనుంచో ఉన్నాయి. స్టూలు వేసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఏడోదో ఎనిమిదోదో ఆయనదే. ఫోటోలో మొహం పోయింది, తువ్వాలు మడత మాత్రం కనిపిస్తోంది. వెనక మెరిసే పొర పొలుసుల్లా లేచిపోయి, అవతలి ఆకులు కనిపిస్తున్నాయి. అయినా కోసి తెచ్చి కంప్యూటర్లో పెట్టాను. రెండుసార్లు గిర్రున తిరిగి బయటికొచ్చేసింది. రాజమండ్రి స్టూడియో ఉన్నచోట ఇప్పుడు బట్టల కొట్టుంది. ఆయనకి ఫోను చేసి, లేదండీ అని చెప్పాను. ఆ మొదటి మాటలు మళ్ళీ చెబుదురుగాని, రికార్డు చేద్దాం, రమ్మన్నాను.

వారం తరవాత వచ్చారు. తెల్ల చొక్కా, మడత తువ్వాలు. షట్టరు సగం దించి, ఫ్యాను ఆపి, నా ఫోను ఆయన ముందు పెట్టాను. ఈసారి నాలుగుసార్లు చెప్పించాల్సిన పని పడలేదు. గురువుగారి పేరు, ఊరు, తన పేరు, బావమరిది పేరు. పళ్ళు లేక మాట కాస్త జారింది, గొంతు మాత్రం వణకలేదు. చివర్లో నమస్కారం అంటూ ఫోనుకి నిజంగానే దణ్ణం పెట్టారు. ఆ ముక్కని మొదటి ట్రాకు ముందు అతికించాను.

"ఇప్పుడు నా గొంతు తీసేస్తానండీ. దాని కింద మీ వాయింపు మిగల్లేదు, అక్కడ కాస్త గొయ్యి పడుతుంది. అయినా సరే, తొమ్మిదింటిలోంచీ తీసేస్తాను" అన్నాను.

ఆయన చప్పున నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు బాబూ, తియ్యకండి."

"ఎందుకండీ?"

"ఇప్పుడు ప్రతి పంతులుగారి ఫోనులోనూ పది మేళాలుంటున్నాయి కదండీ. ఏ పెళ్ళికెళ్ళినా సన్నాయి ఇంటానే అనుకుంటానండి, ఇది మనదా, ఇంకోళ్ళదా అని. స్పీకర్లో అన్నీ ఒకేలాగుంటాయి, నాకే తెలీదు. మీ గొంతు రాగానే, ఆఁ, ఇది నాదే అనుకునేవోణ్ణి. ఊళ్ళో వాళ్ళకి కూడా అలాగే చెప్పేను. రామచంద్రపురం అని వత్తే అది నేను వాయించిందేనని. అది తీసేత్తే నాదని ఎవరికి తెలుత్తాదండీ?"

మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాను.

"ఓసారి మొదట్నుంచీ వినిపించండి" అన్నారు.

పెట్టాను. గురువుగారి పేరు వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. సన్నాయి మొదలైంది. మోకాలి మీద కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి. నేను స్క్రీను మీద సెకన్లు చూస్తూ కూర్చున్నాను. నా గొంతు వచ్చింది, మెయిన్ రోడ్డు, రామచంద్రపురం అని. ఆయన కళ్ళు తెరవకుండానే తల ఊపి, "అదీ" అన్నారు.